జాప్యం ఎవరిది? నష్టం ఎవరికి?

సూర్యలంక సముద్రతీరానికి రైలులో వచ్చే యాత్రికులు తెనాలి దాటిన కాసేపటికి చుండూరు స్టేషను మీదుగా వెళతారు. బాపట్లలో దిగి ఆటోల్లో తీరం చేరే ఆ జనంలో చుండూరు పేరు వినగానే 1991 ఆగస్టును తలచుకునేవారు ఎందరుంటారు? 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన బాపట్ల జిల్లాకు సూర్యలంక పర్యాటక చిరునామా. అదే జిల్లాలో చుండూరు ఉంది, కారంచేడు కూడా ఉంది. అంతకుముందు ఒకటి గుంటూరు జిల్లాది, మరొకటి ప్రకాశం జిల్లాది. కొత్త సరిహద్దులు ఆ రెండు ఊళ్లనూ ఒక్కచోటికి చేర్చాయి. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం ఎందుకు అవసరమైందో, వచ్చాక న్యాయస్థానాల్లో దానికి ఏ గతి పట్టిందో తెలుసుకోవడానికి ఈ ఒక్క జిల్లా చరిత్ర చాలు.

ఆ చరిత్ర మన ముందు ఒక ప్రశ్న ఉంచుతోంది. కులదాడుల కేసుల్లో రాజ్యం చేసిన ఆలస్యానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? చట్టం కాగితం మీద బాధితుల పక్షాన నిలిచింది. పార్లమెంటు దాన్ని మళ్లీ మళ్లీ బలపరిచింది. అయినా తీర్పుల దగ్గరకు వచ్చేసరికి, పోలీసులు ఆలస్యంగా నమోదు చేసిన వాంగ్మూలం, ప్రభుత్వం ఏళ్ల తరబడి నడిపించని విచారణ, కాలంతోపాటు మసకబారిన జ్ఞాపకం, అన్నీ సాక్షుల లోపాలుగానే లెక్కకు వస్తున్నాయి. దీన్ని సాక్ష్య చట్టంలోని చిన్న చిక్కుగా వదిలేయలేం. జీవించే హక్కుకూ, చట్టం ముందు సమానత్వానికీ సంబంధించిన విషయమిది.

చట్టానికి ముందు, చట్టం తరువాత

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. స్త్రీలపై అత్యాచారాలు చేశారు. మాదిగలు తాగే చెరువు నీటిని పాడుచేయవద్దని అడగడంతో మొదలైన గొడవ మర్నాటికి ఊచకోతగా మారింది. ప్రాణాలతో మిగిలినవారు చీరాల చేరుకుని అక్కడే శిబిరం వేసుకున్నారు. దళిత మహాసభ ఆ శిబిరం నుంచే పుట్టింది. కత్తి పద్మారావు ఆ ఉద్యమానికి గొంతు అయ్యారు. బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసి బాధితుల వైపు నిలిచారు.

అప్పటికి ప్రత్యేక చట్టం లేదు. 1955 నాటి చట్టం అంటరానితనం పాటించడాన్ని నేరంగా ప్రకటించింది గాని, ఒక వాడ మీద ఊరంతా కలిసి చేసే దాడిని కులనేరంగా గుర్తించే పరిభాష దానికి లేదు. కాబట్టి కారంచేడు కేసు సాధారణ శిక్షాస్మృతి కిందే నడిచింది. కింది కోర్టు శిక్షలు వేసింది. హైకోర్టు వాటిని కొట్టివేసింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవ శిక్ష, మరో 29 మందికి మూడేళ్ల జైలు విధించింది. నేరానికీ తుది తీర్పుకూ మధ్య 23 ఏళ్లు గడిచాయి. కారంచేడు జరిగిన ఏడాదే, 1985 నవంబరులో, ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ నేర బాధితులకు న్యాయం అందడంపై ఒక ప్రకటనను ఆమోదించింది. బాధితులను గౌరవంతో చూడాలనీ, అనవసర జాప్యం లేకుండా చూడాలనీ అది కోరింది. ఆ ప్రకటన దాకా అక్కర్లేదు, మన రాజ్యాంగంలోని 14, 17, 21 అధికరణాలు కలిపి చదివితే చెప్పేదీ అదే.

కారంచేడు వంటి ఘటనల ఒత్తిడితోనే 1989 సెప్టెంబరులో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమలులోకి వచ్చింది. ముందస్తు బెయిలు ఉండదని 18వ సెక్షను చెప్పింది. ప్రత్యేక కోర్టుల గురించి 14వ సెక్షను, విధి నిర్వహణలో నిర్లక్ష్యం చూపిన అధికారికి శిక్ష గురించి 4వ సెక్షను చెప్పాయి. కులదాడి ఇద్దరు వ్యక్తుల మధ్య తగాదా కాదన్న గుర్తింపు ఈ చట్టానికి ప్రాణం. ఫిర్యాదు చేసే మనిషికీ పోలీసు స్టేషనుకూ మధ్య ఊరి అధికారం అడ్డుగా ఉంటుందనీ, కాబట్టి ప్రతి మెట్టు మీదా బాధితుడికి రక్షణ కావాలనీ చట్టసభ ఒప్పుకుంది.

ఆ చట్టం అమలులోకి వచ్చిన ఏడాదిన్నరకే చుండూరు జరిగింది. 1991 జూలైలో సినిమా హాలులో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలిందన్న మాట మీద రగడ మొదలైంది. ఆ తరువాత దళితులను సాంఘికంగా బహిష్కరించారు. పొలాల్లో పని లేదు. ఊరిలో 144వ సెక్షను, పోలీసు పికెటు ఉన్నాయి. అంటే ప్రమాదం గురించి ప్రభుత్వానికి ముందే తెలుసు. ఆగస్టు 6న, పోలీసులు ఊళ్లో ఉండగానే, దళితవాడ నుంచి పొలాల వైపు పరుగు తీసిన వారిని తరిమి నరికారు. ఎనిమిది మంది చనిపోయారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో, మురుగు కాలువలో పడేశారు. తరువాతి రోజుల్లో అవి బయటపడ్డాయి. బాధిత కుటుంబాలు తెనాలిలో తలదాచుకున్నాయి. మృతులను ఊరి నడిబొడ్డున ఖననం చేసి ఆ స్థలాన్ని రక్తక్షేత్రం అని పిలుచుకున్నారు.

బాధితులు ఒక అసాధారణమైన కోరిక కోరారు. నేరం జరిగిన ఊళ్లోనే కోర్టు పెట్టాలన్నారు. దాని వెనుక స్పష్టమైన ఆలోచన ఉంది. కూలి మానుకుని, బస్సు ఎక్కి, నిందితులతో పక్కపక్కన నడిచి జిల్లా కేంద్రానికి వెళ్లి సాక్ష్యం చెప్పడం పేద కుటుంబానికి మరో శిక్ష. ఊళ్లోనే కోర్టు ఉంటే చట్టం తమ వాకిట నిలబడినట్టు. దీర్ఘ పోరాటం తరువాత చుండూరులోనే ప్రత్యేక కోర్టు ఏర్పడింది. దాడి జరిగిన స్థలంలోనే అత్యాచారాల నిరోధక చట్టం కింద విచారణ జరగడం దేశంలో అదే మొదలు. కాని విచారణ మొదలయ్యేసరికి 2004 వచ్చింది. పౌరహక్కుల న్యాయవాది బి. చంద్రశేఖర్ ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటరుగా కేసు నడిపారు. 2007 జూలై 31న తీర్పు వెలువడింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. మిగిలినవారు విడుదలయ్యారు.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నిటినీ రద్దు చేసింది. అదే ఏడాది సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పు అమలును నిలిపివేసింది.

సందేహం ఎక్కడ పుట్టింది?

హైకోర్టు ధర్మాసనం చెప్పిన కారణాలు నేర న్యాయశాస్త్రంలో కొత్తవేమీ కావు. మృతులు ఏ సమయంలో చనిపోయారో కచ్చితంగా రుజువు కాలేదు, ఏ చోట చనిపోయారో రుజువు కాలేదు, ఎవరు ఎవరిని కొట్టారో రుజువు కాలేదు, సాక్షులను విచారించడంలో ఆలస్యం జరిగింది. సందేహం మిగిలినప్పుడు దాని లబ్ధి నిందితుడికే చెందుతుంది. ఈ సూత్రాన్ని ఎగతాళి చేయడానికి వీల్లేదు. అది నిందితుల మానవహక్కు. ఈ దేశపు జైళ్లలో విచారణ ఖైదీలుగా మగ్గుతున్నవారిలో దళితులు, ఆదివాసులు, ముస్లింలు ఎక్కువగా ఉన్నంత కాలం, రుజువు ప్రమాణాన్ని పలచన చేయమని అడగడం మన చేత్తో మన కంటినే పొడుచుకోవడం అవుతుంది.

అయితే సందేహం ఉందా లేదా అన్న ప్రశ్నతో పాటు ఆ సందేహం ఎక్కడ పుట్టిందన్న ప్రశ్న కూడా అడగాలి. చుండూరు కేసులో దానికి మూడు మూలాలు కనిపిస్తాయి.

మొదటిది హంతకులు చేసిన పని. శవాన్ని సంచిలో కట్టి నీళ్లలో పడేస్తే ప్రాణం పోయిన గంట ఎవరికి తెలుస్తుంది? నీటిలో నానిన శరీరం నుంచి వైద్యుడు కచ్చితమైన సమయం చెప్పలేడు. చనిపోయిన చోటు ఒకటి, శవం దొరికిన చోటు మరొకటి అవుతుంది. సమయమూ స్థలమూ తెలియకుండా పోవడం ఆ నేరం పద్ధతిలోనే ఉంది. శవాన్ని దాచినవాడు ఆ దాచడం వల్లే బయటపడితే, నేరం ఎంత పకడ్బందీగా చేస్తే అంత రక్షణ దొరుకుతుందన్నమాట.

రెండవది పోలీసులు, ప్రభుత్వం చేసిన పని. సాక్షుల వాంగ్మూలాలు ఎప్పుడు నమోదు చేయాలో నిర్ణయించేది దర్యాప్తు అధికారి. ప్రాణభయంతో ఊరు విడిచి తెనాలిలో తలదాచుకున్న మనిషి అధికారి దగ్గరకు తానుగా పరుగెత్తుకు వెళ్లి వాంగ్మూలం ఇవ్వలేదని తప్పుపట్టడం న్యాయమా? అందులోనూ, పోలీసుల కళ్ల ముందే తమవారిని నరికిన వాడవారికి ఆ పోలీసుల మీద నమ్మకం ఎలా కలుగుతుంది?

మూడవది కాలం. 1991లో చూసినదాన్ని 2004 తరువాత కోర్టులో చెప్పాలి. ఆ పదమూడేళ్లలో సాక్షులు ముసలివారయ్యారు, కొందరు చనిపోయారు. ఎవరి చేతిలో గొడ్డలి ఉంది, ఎవరి చేతిలో బరిసె ఉంది, అప్పుడు ఎన్ని గంటలైంది అని క్రాస్ ఎగ్జామినేషనులో అడిగితే జవాబుల్లో తేడాలు రాకుండా ఎలా ఉంటాయి?

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ బాధితులు చేసినది కాదు. కాని మూడింటి నష్టమూ వారి మీదే పడింది.

సుప్రీంకోర్టు స్వయంగా ఈ విషయాలపై చెప్పినవి మరచిపోరాదు. 1983లో భర్వాడా భోగిన్‌భాయ్ హిర్జీభాయ్ కేసులో న్యాయస్థానం మానవ జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో వివరించింది. మనిషి మనసు వీడియో టేపు కాదనీ, సంఘటన ఎన్ని గంటలకు జరిగింది, ఎంతసేపు జరిగింది అన్నవాటిని జనం అంచనాగానే చెబుతారనీ, చిన్న తేడాలను బట్టి సాక్ష్యాన్ని కొట్టివేయరాదనీ వివరించింది. 1995లో కర్నైల్ సింగ్ కేసులో, దర్యాప్తు లోపభూయిష్టంగా ఉందన్న ఒక్క కారణంతో నిందితుడిని వదిలేస్తే దర్యాప్తు అధికారి ఆడించినట్టు ఆడినట్టే అవుతుందని హెచ్చరించింది. 2004లో జహీరా షేక్ కేసులో, న్యాయమైన విచారణ నిందితుడి హక్కు మాత్రమే కాదని, అది బాధితులదీ సమాజానిదీ కూడా అని ప్రకటించింది. చుండూరు విచారణ మొదలైన ఏడాదే ఆ ప్రకటన వచ్చింది. ఈ మూడు తీర్పులూ కలిపి చదివిన విద్యార్థికి చుండూరు కేసులో కొరుకుడు పడనిది ఏమీ ఉండదు. చట్టంలో కావలసిన పనిముట్లన్నీ ఉన్నాయి. వాటిని ఏ కేసులో తీస్తారు, ఏ కేసులో పెట్టెలోనే ఉంచేస్తారు అన్నదే అసలు సమస్య.

ఇది మన ఒక్క రాష్ట్రపు కథ కాదు. 1968లో తమిళనాడులోని కీళ్‌వెణ్మణిలో 44 మంది దళిత కూలీలను గుడిసెలో సజీవ దహనం చేశారు. కింది కోర్టు శిక్షించిన భూస్వాములను 1973లో మద్రాసు హైకోర్టు వదిలేసింది. అంత ధనవంతులు, కార్లున్నవారు, స్వయంగా నడిచివెళ్లి నిప్పుపెడతారని నమ్మలేమన్న ధోరణి ఆ తీర్పులో ఉంది. బిహారులో 21 మందిని బలిగొన్న బథానీ టోలా (1996) కేసులోనూ, 58 మందిని బలిగొన్న లక్ష్మణ్‌పూర్ బాథే (1997) కేసులోనూ కింది కోర్టులు శిక్షలు వేశాయి. వాటిని పట్నా హైకోర్టు 2012లో, 2013లో కొట్టివేసింది. సాక్షి చూశానంటే, ఆ పరిస్థితిలో చూసి ఉండవచ్చునా అని సందేహం. చూసీ బతికాడంటే, ఎలా బతికాడని సందేహం. ఒక్కొక్క తీర్పుకు ఒక్కొక్క కారణం ఉండవచ్చు. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, అనుమానం ఎప్పుడూ ఒకే వాడ మీదికి వెళ్లడం మాత్రం యాదృచ్ఛికమని నమ్మడం కష్టం.

రెండు కేసులు, రెండు వేగాలు

మన న్యాయవ్యవస్థ నిదానంగా నడుస్తుందనీ, చుండూరు కేసు కూడా అందరి కేసుల్లాగే ఆలస్యమైందనీ కొందరు సర్దిచెబుతారు. ఈ వాదనను పరీక్షించడానికి దూరం పోనవసరం లేదు. అదే గుంటూరు జిల్లాలో, చుండూరు జరిగిన ఏడాదిన్నరకు, 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు దహనం జరిగింది. 23 మంది ప్రయాణికులు చనిపోయారు. ఘోరమైన నేరం, అందులో సందేహం లేదు. నిందితులు ఇద్దరు దళిత యువకులు. 1995లో గుంటూరు సెషన్సు కోర్టు వారికి మరణశిక్ష విధించింది. హైకోర్టు ఖరారు చేసింది. 1996 ఆగస్టు నాటికి సుప్రీంకోర్టు కూడా ఖరారు చేసింది. మూడున్నరేళ్లలో మూడు మెట్లూ పూర్తయ్యాయి. ఆ తరువాత తెలుగు సమాజంలోని పౌరహక్కుల కార్యకర్తలు, రచయితలు, దళిత సంఘాలు మరణశిక్షకు వ్యతిరేకంగా పెద్ద ఉద్యమం చేశారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు.

ఈ రెండు కేసులూ అచ్చంగా ఒకే తూకానివి కావన్నది నిజమే. ఒకదానిలో నిందితులు ఇద్దరు, రెండోదానిలో రెండు వందలకు దగ్గర. కాని నిందితుల సంఖ్య విచారణ ఎంతకాలం నడుస్తుందో చెబుతుందే తప్ప, పదమూడేళ్లు అసలు ఎందుకు మొదలు కాలేదో చెప్పదు. కోరుకున్నప్పుడు మన వ్యవస్థ ఎంత వేగంగా నడవగలదో చిలకలూరిపేట చూపించింది. కోరిక లేనప్పుడు ఎంత నిదానించగలదో చుండూరు చూపించింది.

ఈ పోలికలో మరో పాఠం కూడా ఉంది. ఆ ఇద్దరు యువకుల ప్రాణాల కోసం నిలబడినవారు, చుండూరు బాధితుల కోసం నిలబడినవారు చాలావరకు ఒకే కోవకు చెందినవారు. నిందితుడి హక్కుకూ బాధితుడి హక్కుకూ మధ్య పోటీ ఉందని వారు అనుకోలేదు. మానవహక్కుల సూత్రాన్ని నిజాయితీగా పట్టుకుంటే ఆ రెండూ ఒకే తాడుకు రెండు కొసలు.

చట్టసభ నేర్చుకున్నది

న్యాయస్థానాల సంగతి ఇలా ఉంటే, చట్టసభ మాత్రం ఈ అనుభవాల నుంచి కొంత నేర్చుకుంది. 1995లో వచ్చిన నియమాలు, దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలని చెప్పాయి. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణ చట్టం మరింత ముందుకు వెళ్లింది. దాన్ని చదువుతుంటే చుండూరు కేసు వైఫల్యాల జాబితాను పక్కన పెట్టుకుని రాశారా అనిపిస్తుంది.

చుండూరులో దళితుల మీద ప్రయోగించిన మొదటి ఆయుధం సాంఘిక బహిష్కరణ. 1989 చట్టం పేర్కొన్న అత్యాచారాల జాబితాలో అది లేదు. 2016 నుంచి సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడమూ, విధిస్తామని బెదిరించడమూ నేరం. కూలికి పిలవకపోవడం, కొట్లో సరుకు ఇవ్వకపోవడం ఊరి కట్టుబాటు కాదనీ, ఊచకోతకు ముందు మెట్టు అనీ గుర్తించడానికి పాతికేళ్లు పట్టింది.

అభియోగపత్రం దాఖలైన రెండు నెలల్లో విచారణ ముగించే ప్రయత్నం చేయాలని సవరణ చెప్పింది. బాధితులకు, సాక్షులకు ప్రత్యేక హక్కులు కల్పిస్తూ 15ఏ సెక్షను చేర్చింది. కేసులో ప్రతి దశ గురించీ బాధితులకు తెలియాలి, బెయిలు దశలో వారి మాట వినాలి, రక్షణ, ప్రయాణ ఖర్చులు ఇవ్వాలి. 2021లో హరిరామ్ భంభీ కేసులో సుప్రీంకోర్టు, ఈ సెక్షను కింద బాధితులకు నోటీసు ఇవ్వడం తప్పనిసరి అని స్పష్టం చేసింది. ఎనభైల నాటి బాధితుడు కోర్టులో సాక్షి మాత్రమే. ఇప్పుడు చట్టం దృష్టిలో అతడికి తన కేసులో తన స్థానం ఉంది.

జాప్యానికి సంబంధించి అన్నిటికన్నా ముఖ్యమైనది 4వ సెక్షను సవరణ. అధికారి నిర్లక్ష్యం అంటే ఏమిటో అందులో వరుసగా రాశారు. నోటితో చెప్పిన ఫిర్యాదు రాసుకుని చదివి వినిపించకపోవడం, ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకపోవడం, ప్రతి ఇవ్వకపోవడం, బాధితుల, సాక్షుల వాంగ్మూలాలు నమోదు చేయకపోవడం, 60 రోజుల్లో అభియోగపత్రం వేయకపోవడం నేరాలు. ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు. చుండూరు కేసులో సాక్షుల మీదికి వెళ్లిన వేలు ఎవరి మీదికి వెళ్లాలో ఇక్కడ చట్టసభ చూపించింది.

కాని అదే సెక్షనులో ఒక తాళం కూడా ఉంది. శాఖాపరమైన విచారణ సిఫారసు చేస్తేనే అధికారి మీద అభియోగం నమోదు చేయాలన్నది ఆ తాళం. అంటే నిర్లక్ష్యం చూపిన అధికారి మీద కేసు పెట్టాలా వద్దా అన్నది తేల్చేది అతడి శాఖ పెద్దలే. ఈ వెసులుబాటు ఉన్నంత కాలం 4వ సెక్షను గోడకు వేలాడే తుపాకీ లాంటిది. కనిపిస్తుంది, పేలదు.

2018: జాప్యానికి చట్టబద్ధత

జాప్యం నిర్లక్ష్యం వల్ల జరగడం ఒక ఎత్తు. న్యాయస్థానమే దాన్ని నియమంగా మార్చడం మరో ఎత్తు. 2018 మార్చి 20న సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఆ పని చేసింది. కేసు నమోదుకు ముందు డీఎస్పీ ప్రాథమిక విచారణ జరపవచ్చు, ప్రభుత్వోద్యోగిని అరెస్టు చేయాలంటే అతడిని నియమించిన అధికారి అనుమతి కావాలి, ఇతరులను అరెస్టు చేయాలంటే జిల్లా పోలీసు ఉన్నతాధికారి అనుమతి కావాలి అని ఆదేశించింది. చట్టం దుర్వినియోగం అవుతోందనీ, ఎక్కువ కేసుల్లో నిందితులు విడుదల అవుతున్నారనీ కారణంగా చూపింది.

ఆ తర్కాన్ని ఒకసారి విప్పి చూద్దాం. దర్యాప్తు ఆలస్యమైతే సాక్ష్యం బలహీనమవుతుంది. సాక్ష్యం బలహీనమైతే నిందితులు విడుదలవుతారు. విడుదలైనవారి సంఖ్యను చూపి కేసులు తప్పుడువని చెబుతారు. తప్పుడు కేసులు ఎక్కువని చెప్పి దర్యాప్తుకు ముందు మరో విచారణ పెడతారు. దానితో మరింత ఆలస్యం. ఈ గానుగలో తిరిగేది ఎవరో చెప్పనక్కర్లేదు. చుండూరు నిందితుల విడుదల కూడా ఇలాంటి లెక్కల్లో ఒక అంకెగానే మిగులుతుంది. ఆ అంకె వెనుక పదహారేళ్ల నిరీక్షణ ఎవరికీ కనిపించదు. 2013లో లలితా కుమారి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, శిక్షార్హమైన తీవ్ర నేరం గురించి సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరి అని చెప్పిన తరువాత, దళితుల ఫిర్యాదుకు మాత్రం అదనపు మెట్టు కట్టడం సమానత్వ సూత్రానికి ఎలా సరిపోతుంది?

2018 ఏప్రిల్ 2న దేశవ్యాప్తంగా బంద్ జరిగింది. కొన్ని రాష్ట్రాల్లో ప్రాణాలు పోయాయి. ఆ ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షను చేర్చి, ప్రాథమిక విచారణ గాని ముందస్తు అనుమతి గాని అక్కర్లేదని చెప్పింది. 2019 అక్టోబరు 1న త్రిసభ్య ధర్మాసనం పాత ఆదేశాలను ఉపసంహరించింది. కేసు వీగిపోవడానికి లోపభూయిష్టమైన దర్యాప్తు వంటి మానవ వైఫల్యాలు కారణం కావచ్చనీ, దాన్ని కులానికి అంటగట్టరాదనీ అంగీకరించింది. 2020 ఫిబ్రవరి 10న పృథ్వీరాజ్ చౌహాన్ కేసులో 18ఏ సెక్షను రాజ్యాంగబద్ధతను సమర్థించింది. పైపైన చూసి కేసే లేదని తేలినప్పుడు ముందస్తు బెయిలుకు అవకాశం ఉంచింది. నిందితుడి హక్కుకు ఆ మేరకు చోటు ఉండటం సబబే. వీధిలో జనం, పార్లమెంటు, న్యాయస్థానం ఒకదాన్నొకటి సరిదిద్దుకున్న అరుదైన సందర్భమిది. కాని ఆ దిద్దుబాటు కేసు మొదటి మెట్టు దగ్గరే ఆగింది. తీర్పు మెట్టు దగ్గర, సాక్షి మాటను తూచే చోట, అది ఇంకా చేరలేదు.

చేయవలసినది

కాబట్టి విద్యార్థులు, రాజకీయ కార్యకర్తలు ఇకపై చట్టం ఉందా లేదా అన్న చర్చ దగ్గర ఆగిపోవద్దు. జాప్యం లెక్క అడగాలి. ప్రతి కేసులో ఎఫ్‌ఐఆర్ ఎప్పుడు, వాంగ్మూలాలు ఎప్పుడు, అభియోగపత్రం ఎప్పుడు, మొదటి సాక్షి బోనెక్కినది ఎప్పుడు అన్న నాలుగు తేదీలు జిల్లాల వారీగా బయటపెట్టమని ప్రభుత్వాన్ని కోరాలి. జిల్లా స్థాయి విజిలెన్స్ కమిటీల్లో ఇవే ప్రశ్నలు లేవనెత్తాలి.

న్యాయస్థానాలను అడగవలసినది కూడా పెద్ద కోరిక కాదు. ఆలస్యాన్ని సాక్షి మీద మోపే ముందు ఆ ఆలస్యం ఎవరిదో తీర్పులో రాయాలి. దర్యాప్తు అధికారిని పిలిచి అడగకుండా, అతడి జవాబు నమోదు కాకుండా, సాక్షిని అవిశ్వసించరాదు. శవాలను దాచిన కేసుల్లో సమయం, స్థలం తేలకపోవడాన్ని ప్రాసిక్యూషన్ వైఫల్యంగా కాక, నేరంలో భాగంగా చూడాలి. ఇవేవీ రుజువు ప్రమాణాన్ని తగ్గించవు. రుజువును కొలిచే తూనికరాయిని సరిచేస్తాయి.

నిందితులను విడుదల చేయక తప్పదనుకున్నా తీర్పు అక్కడితో ముగిసిపోకూడదు. 2014 జనవరి 7న కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు, కేసు వీగిపోయిన ప్రతిసారీ కారణాలు పరిశీలించాలనీ, దర్యాప్తులో, ప్రాసిక్యూషనులో బాధ్యులైన అధికారులపై చర్య తీసుకునే పద్ధతిని రాష్ట్రాలు ఏర్పరచాలనీ ఆదేశించింది. చుండూరు కేసులో హైకోర్టు తీర్పు సరిగ్గా మూడున్నర నెలల తరువాత వచ్చింది. ఎనిమిది మందిని ఎవరో చంపారన్నది ఏ కోర్టూ కాదనలేదు. నిందితులు దోషులని రుజువు కాలేదంటే, రుజువు చేయవలసినవారు విఫలమయ్యారని అర్థం. ఆ విఫలమైనవారిలో ఒక్కరినైనా 4వ సెక్షను కింద బోను ఎక్కించవచ్చు. అలా చేయడానికి 4వ సెక్షనులోని శాఖాపరమైన విచారణ అనే తాళాన్ని పార్లమెంటు తీసేయాలి.

కారంచేడు నుంచి 1989 చట్టం వచ్చింది. చుండూరు నుంచి ఊళ్లో కోర్టు అనే ఆలోచన వచ్చింది. రెండూ బాధితులు తమ దుఃఖంలోంచి దేశానికి ఇచ్చినవే. చట్టాలు చేసే పని బాధితులు చేస్తున్నారు. ఆలస్యం చేసే పని రాజ్యం చేస్తోంది. ఆ ఆలస్యపు ఖర్చును ఇకనైనా చేసినవారి ఖాతాలో రాయడం నేర్చుకోవాలి.